ఆకాశరామన్న ఇంటిపేరు

మా వదిన ఉద్యోగం పోయింది నా వల్లే. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత నేను ఎవరిమీద ఎంత ఎగిరిపడినా అందులో నా వాటా ఎంతో మీకు తెలిసే ఉంటుంది. నా మీద నాకున్న కోపం ఎలాగూ పోయేది కాదు. మిగతావాళ్ళ మీద ఉన్నది మాత్రం ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

వదిన కంకిపాడు వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసేది. పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలి, సాయంత్రం హాజరు తీసుకున్నాకే ఇంటికి. బెంజ్ సర్కిల్‌కి నాలుగు సందుల అవతల మా ఇల్లు. కింద అన్నయ్యా వదినా, మేడమీద గదిలో నేనూ నా కంప్యూటరూ. శుభలేఖలు, కాలేజీల మెటీరియల్, అడిగినవాళ్ళకి అర్జీలు టైపు చేసిపెట్టడం నా పని. అన్నయ్యకి నడుం ఆపరేషన్ అయ్యాక ఇల్లు నడుస్తున్నది వదిన జీతం మీదే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మేడెక్కి వచ్చి ఫోను నా చేతిలో పెట్టింది. హాస్టలు డాబామీద నీళ్ళ ట్యాంకు ఫోటోలు. మూత సగం విరిగిపోయి ఉంది. లోపల గోడలకి పచ్చటి పాకుడు, నీళ్ళమీద పావురం ఈకలు, ఓ మూల చచ్చిన పావురం.

"ఈ నీళ్ళేనయ్యా పిల్లలు తాగుతున్నది. ఒక్క రెండో అంతస్తులోనే తొమ్మిదిమందికి కామెర్లు" అంది.

"ప్రిన్సిపాల్‌తో చెప్పలేదా వదినా?"

"రెండుసార్లు చెప్పాను. పరీక్షల ముందు పేరెంట్స్‌ని కంగారు పెట్టకండి మేడమ్ అన్నాడు. జబ్బుపడ్డ పిల్లని పడ్డట్టు ఇంటికి పంపేస్తున్నారు. అవుట్‌పాస్ పుస్తకంలో 'సొంత పని మీద' అని రాయించి కింద నా చేత సంతకం పెట్టిస్తున్నారు. నా సంతకం పైన అబద్ధం రాయిస్తున్నారు, తెలుస్తోందా?"

ఆవిడ గొంతు పెంచగా నేను వినడం అదే మొదటిసారి. మా వదిన కూరలో ఉప్పెక్కువైందని కూడా గట్టిగా అనే మనిషి కాదు.

కాలేజీలమీద అజమాయిషీ చేసే గవర్నమెంటువాళ్ళ పై ఆఫీసుకి ఫిర్యాదు పంపాలి, కానీ తన పేరు బయటపడకూడదు. అది ఆవిడ కోరిక. ఆకాశరామన్న ఉత్తరం అన్నమాట. మా వైపు ఆ విద్య కొత్తదేం కాదు. మా తాత హయాంలో కాలవ నీళ్ళ గొడవల్లో ఎడంచేత్తో రాసి, బస్సెక్కి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి అక్కడి పోస్టు డబ్బాలో వేసొచ్చేవాళ్ళట, ముద్ర వేరే ఊరిది పడాలని. వదిన కూడా అదే అడిగింది. "కాగితం మీద రాసి జంక్షన్‌లో వేసొస్తే పోదూ?"

నేను నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. "ఏ కాలంలో ఉన్నారు వదినా? కాగితాన్ని బుట్టలో పడేస్తారు. మెయిల్ అయితే తేదీతో, టైముతో పడుంటుంది, ఫోటోలూ పెట్టొచ్చు. నేనున్నాగా" అన్నాను.

"నా పేరు ఎక్కడా కనబడదుగా?"

"కనబడదు."

"నిజంగా?"

"వదినా, ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పని."

మూడోసారి కూడా అడిగింది. మూడోసారి కాస్త విసుక్కున్నాను కూడా.

నేనేమీ అజాగ్రత్తగా చేయలేదు, అది చెప్పుకోవాలి. నెట్ సెంటరుకి వెళ్తే ఆధార్ జిరాక్సు ఇచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఫోన్లోంచి పంపితే ఫోన్లో ఉన్న పేరూ నంబరూ ఎక్కడ అంటుకుంటాయోనని భయం. అందుకే నా డెస్క్‌టాప్‌లో, శుభలేఖల ప్రూఫులు పంపడానికి రోజూ వాడే మెయిల్ ప్రోగ్రాంలో, కొత్త అకౌంటు తెరిచాను. అది తెరుస్తూండగానే 'మీ పేరు' అన్నచోట నేనడక్కుండానే నా పూర్తి పేరు నింపి పెట్టింది. పట్టేశాను, చెరిపేసి 'ఒక పేరెంట్' అని కొట్టాను. ప్రతి మెయిల్ కిందా వచ్చే నా షాపు చిరునామా తీసేశాను. ఫోటోల్లో ఏ ఫోనుతో ఎప్పుడు తీశారో దాగుంటుంది, అదీ తుడిచేశాను. వదిన రాసిచ్చినదాంట్లో 'దయతో గమనించగలరు' అని మూడుచోట్ల ఉంది. హాస్టల్ నోటీసులన్నిట్లో ఆవిడ రాసే మాటది, మూడూ కొట్టేశాను. పంపించాక కాఫీ కూడా అడిగి పెట్టించుకుని తాగాను, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా.

తర్వాతి వారం ప్రిన్సిపాల్ వదినని గదిలోకి పిలిచాడు. ఆయన బల్లమీద మేం పంపిన మెయిలు, అచ్చంగా అదే, ప్రింటు తీసి ఉంది. పై ఆఫీసువాళ్ళు దాన్ని 'తగు చర్య నిమిత్తం' అని రాసి కాలేజీకే పంపారు. ఎవరిమీద ఫిర్యాదు చేశామో వాళ్ళకే. ఇంత బతుకూ బతికి ఇలాంటి తెలివి నేనెక్కడా చూడలేదు.

ఆ ప్రింటులో మా ఉత్తరానికి పైన నేనెప్పుడూ పట్టించుకోని వరసలు ఇరవై దాకా ఉన్నాయి. ప్రతి మెయిల్ నెత్తిమీదా అవి ఉంటాయి, మామూలుగా మనకి చూపించరు. ఏ దారిన వచ్చింది, ఎన్నింటికి వచ్చింది, ఎవరు ఎవరికి అందించారు, అంతా అందులో ఉంటుంది. కాలేజీలో కంప్యూటర్లు చెప్పే లెక్చరర్ వాటిని విప్పి చూసి ఒక వరసకి పసుప్పచ్చ మార్కరు పూశాడు. నా మెయిల్ ప్రోగ్రాం అవతలి సర్వరుకి మెయిలు అందించేముందు 'నేను ఫలానా' అని పరిచయం చేసుకున్న వరస అది. ఆ ఫలానా అంటే నా పేరు కాదు, వదిన పేరు కాదు. నా కంప్యూటర్ పేరు.

నా కంప్యూటర్‌కి ఒక పేరుందని నాకు తెలుసా అంటే, తెలియదు. అది కొన్నది కాదు, బెజవాడలో అందరిలాగే నేనూ విడిభాగాలు తెచ్చి కట్టించుకున్నది. కట్టినాయన విండోస్ వేసేటప్పుడు పేరేమిటని అది అడిగితే, డబ్బాకి అంటించే స్టిక్కరు మీద రాసుకునేదే అందులోనూ కొట్టాడు. మా ఇంటిపేరు, ఒక గీత, మా ఊరిపేరు. ఊరిపేరులో చివరి రెండక్షరాలు పట్టలేదు. పట్టకపోయినా సరిపోయింది.

మా కృష్ణా జిల్లాలో ఇంటిపేరూ ఊరిపేరూ చెప్పాక ఇంకేం మిగుల్తుంది? బస్సులో పక్క సీట్లో కూచున్న ముసలాయన ఈ రెండే అడుగుతాడు. బస్సు ఉయ్యూరు చేరేలోపు మీ అమ్మమ్మ ఎవరింటి ఆడపడుచో ఆయనే మీకు చెప్తాడు. మా ఊళ్ళో ఆ ఇంటిపేరుతో ఉన్నది మా ఒక్క కుటుంబమే. కాలేజీ రిజిస్టర్లో ఆ ఇంటిపేరు, ఆ ఊరు ఉన్న మనిషీ ఒక్కరే.

అన్నిటికన్నా నాకు ఒళ్ళుమండేది ఇక్కడే. ఆ ఇంటిపేరు ఆవిడ పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. మా ఇంట్లో కాపురానికొచ్చినందుకు మేం తగిలించింది. అదే పట్టిచ్చింది ఆవిణ్ణి.

సాయంత్రం వదిన వచ్చి చెప్పులు విప్పి, మెట్లమీదే కూలబడి ఇదంతా చెప్పింది. "నీళ్ళ గురించి ఒక్క ముక్క అడగలేదయ్యా" అంది. "అరగంట సేపు ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవరు రాయించారు. అంతే. పావురం ఉందా లేదా అని మాటవరసకైనా అడగలేదు."

ఆ లెక్చరర్‌ని నేనెన్నడూ చూడలేదు. చూస్తే ఒకటే అడుగుతాను. ఇరవై వరసల్లో ఆ ఒక్క వరస వెతికి పట్టుకున్న కళ్ళు కదా, మూడంతస్తులెక్కి ట్యాంకులోకి ఒకసారి తొంగిచూస్తే ఊడిపోయేవా? ఆయన పాఠం చెప్పే పిల్లలే తాగుతున్నారు ఆ నీళ్ళు.

ఆ కంప్యూటర్ నాదని తేలాక ప్రిన్సిపాల్ వదినకి రెండు దారులు చూపించాడు. 'మా మరిది నామీద కోపంతో అబద్ధాలు రాసి పంపాడు' అని ఆవిడ కాగితం ఇస్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే రాజీనామా.

"ఇచ్చెయ్యండి వదినా, నేనే రాశానని రాసెయ్యండి. నాకేం పోతుంది?" అన్నాను.

"నువ్వు రాశావని రాయడానికి నాకేం ఇబ్బంది లేదు. రాసింది అబద్ధమని కూడా రాయాలిట. అది నేను రాయను."

మర్నాడు ఆవిడ రాజీనామా ఇచ్చొచ్చింది.

నేను ఊరుకోలేకపోయాను. ముందు కంప్యూటర్ కట్టినాయన మీదికి వెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవర్ చెవిమీద పెట్టుకుని చాలా మర్యాదగా విన్నాడు.

"మరి సర్వీసుకొచ్చిన డబ్బాలు కలిసిపోతే ఎలాగండీ? అందరికీ అలాగే పెడతానండీ. డాక్టరుగారికీ అంతే, లాయరుగారికీ అంతే. మార్చుకోవాలంటే రెండు నిమిషాల పని గదండీ, మీకు తెలీదాండీ?"

డాక్టర్లూ లాయర్లూ కూడా నాలాగే నుదుట ఇంటిపేరు రాసుకుని తిరుగుతున్నారని, ఒక్కరికీ ఆ సంగతి తెలియదని అప్పుడర్థమైంది. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి నోరు మూసుకుని వచ్చేశాను. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది, నాకు తెలియాలి. పేరు మార్చడానికి నిజంగానే రెండు నిమిషాలు పట్టింది. ఆ మెయిల్ ప్రోగ్రాం మాత్రం, సగం రాసిన మెయిల్ మూస్తే దాచమంటారా అని వందసార్లు అడుగుతుంది. మీ ఇంటిపేరు కూడా పంపమంటారా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

తర్వాత పై ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ అవతల గుమాస్తా చదువుతున్న కాగితంలోంచి తల ఎత్తలేదు.

"పేరులేని ఫిర్యాదు కదండీ. సంబంధిత సంస్థ వివరణ అడగాలండి, అది పద్ధతి."

"అడగండి. మెయిలు మొత్తం వాళ్ళ చేతుల్లో పెట్టాలా?"

"మార్పులేమీ చెయ్యకుండా ఉన్నదున్నట్టు అటాచ్ చేసి పంపామండి. రేపు మేమే ఏదో మార్చామంటే మాకు మాట రాదూ?"

"మీకు మాట రాకూడదని ఒకావిడకి ఉద్యోగం పోయిందండీ" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. వెనక లైన్లో ఉన్నాయన నా భుజం తట్టి, పక్కకి జరగండి సార్, మాకూ పనులున్నాయి అన్నాడు.

ఇంటికొచ్చేసరికి వదిన నా కుర్చీలో కూచుని ఉంది. "ఇంకో మెయిల్ రాద్దాం" అంది. "ఈసారి నా పేరు, నా ఫోన్ నంబరు, ఎన్నేళ్ళు చేశానో అన్నీ పెట్టు. దాచుకోవడానికి ఇంకేముంది నాకు?" ఆవిడ చెప్తుంటే ఒక్క మాట మార్చకుండా కొట్టాను. 'దయతో గమనించగలరు' మూడుచోట్లా ఉంచాను. కామెర్లు వచ్చిన పిల్లల పేర్లు మాత్రం పెట్టనివ్వలేదు. వాళ్ళనెందుకు ఇరికించడం అంది.

దానికి జవాబొచ్చింది. నాలుగు వరసలు. ఫిర్యాదుదారు సదరు సంస్థ మాజీ ఉద్యోగి అయినందున, వ్యక్తిగత కక్షతో చేసిన ఫిర్యాదుగా భావించి మూసివేయడమైనది. దానికి ఒక ఫోటో జతచేశారు, కాలేజీవాళ్ళు పంపింది. ట్యాంకుకి నీలంరంగు కొత్త మూత. మూత కింద ఏముందో ఆ ఫోటోలో లేదు.

పేరు లేకపోతే ఎవరిదో తేల్చాలి, పేరుంటే కక్ష. మరి ఈ దేశంలో మనిషి నోరు తెరవాల్సింది ఏ పేరుతో? నేను ఆ రోజంతా ఇల్లదిరిపోయేలా అరిచాను. వదిన చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వింది. "నువ్వు అరిస్తే ఆ పిల్లల కామెర్లు తగ్గుతాయంటే అరుచుకో" అంది.

రెండ్రోజులకి ఆవిడకి ఒక ఫోనొచ్చింది. తెలియని నంబరు. హాస్టల్లో పిల్లలున్న తల్లిదండ్రులందరి దగ్గరా వార్డెన్ నంబరు ఉంటుంది కదా. వదిన చేతికి పిండంటుకుని ఉందని స్పీకరు నొక్కింది నేనే. అవతల ఒక ఆడమనిషి, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"మేడమ్, మా అమ్మాయిని సొంత పనంటూ ఇంటికి పంపారండి. కళ్ళు పచ్చగా ఉన్నాయండి. మీరు నీళ్ళ గురించి రాశారని ఎవరో అన్నారు. నిజమేనాండి?"

"నిజమేనమ్మా."

"నేనూ సాక్ష్యం చెప్దునండి. కానీ హాల్ టికెట్టు వాళ్ళ చేతిలో ఉందండి. నా పేరు... నా పేరు మాత్రం..."

"మీ పేరు నాకొద్దమ్మా" అంది వదిన. "చెప్పకండి. అమ్మాయి పేరు కూడా చెప్పకండి. ముందు రక్తపరీక్ష చేయించండి, ఇవాళే. నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వండి. నూనె సరుకు పెట్టకండి. రిపోర్టు పదిలంగా దాచుకోండి. పరీక్షలయ్యాక, మీకు ధైర్యం వస్తే, అప్పుడు చూద్దాం."

అవతలావిడ ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఉంటానండి అని పెట్టేసింది.

వదిన చేతులు కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని, ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"ఆవిడ నంబరు ఇందులో ఎక్కడా లేకుండా తీసెయ్యి" అంది. నా మొహంలోకి చూసి, "ఈసారైనా సరిగ్గా చూసి తియ్యి" అంది.