బోణీకి దూరంగా నిలబడిన మనిషి

మా అంగడి కదిరి బస్టాండుకు ఎదురుగా ఉంది. సబ్బులు, ఫ్లాస్కులు, చంటిపిల్లల గుడ్డలు, ప్లాస్టిక్ బిందెలు అమ్ముతాం. అంగళ్ల మధ్యే పెరిగినవాణ్ణి కాబట్టి, మనిషి మెట్టెక్కేలోపే ఏ ధరకు దిగివస్తాడో చెప్పగలనని నాకొక పొగరు. నేను కొనేవాడినైతే ఇంకా ఘోరం. పొద్దున్నే కూరగాయల మార్కెట్లో నన్ను చూడగానే, "బోణీ కానీప్పా, ఆమీట రా" అంటూ గంపల మీద గోనెలు కప్పేవాళ్లు. తొలి అమ్మకం ఎవరి చేత్తో జరిగితే రోజంతా అట్లే నడుస్తుందని వ్యాపారుల నమ్మకం. నా చేత్తో మొదలైతే ఇక దివాలానే.

ఆ నమ్మకాన్ని నాయన గల్లాపెట్టెతో పాటే నాకు అప్పజెప్పాడు. ఎవరి చేయి మంచిదో, ఎవరిది కాదో ఆయనకు నోటికి వచ్చు. మొగుడు పోయిన ఆడమనిషి చేయి ఏ వరుసలో ఉండేదో చెప్పనక్కర్లేదు. నేను చదువుకున్నవాణ్ణి గదా, ఇవన్నీ నమ్మనని నలుగురిలో అనేవాణ్ణి. అంగట్లో కూర్చున్నాక మాత్రం నమ్మేవాణ్ణి.

కూలిపనికి పోయే ఒకామె వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. నుదుట బొట్టుండదు, చేతిలో సద్దిగిన్నె. వచ్చీ రాగానే మెట్టెక్కేది కాదు. పక్కంగడి రేకుల కింద నిలబడి, వేరే ఎవరైనా కొనుక్కుని పోయాకే వచ్చేది. ముందువాళ్లకు ఎంత తగ్గించానో విని అదే ధర అడగాలని ఆమె ఎత్తు వేస్తోందనుకున్నాను. 'గట్టిదే, నాకు సరిజోడు' అని లోలోపల మెచ్చుకున్నాను కూడా.

ఒకనాడు తెల్లవారి షట్టరెత్తేసరికి ఆమె అప్పటికే ఆ రేకుల కింద ఉంది. ఎదురుగా అనంతపురం బస్సు ఇంజను ఆడుతోంది. ఒకసారి బస్సును, ఒకసారి ఖాళీ రోడ్డును చూస్తోంది.

"ఏమక్కా, ఏం కావాల?"

"ఫ్లాస్కప్పా. నా కూతుర్ని అనంతపురం ఆసుపత్రిలో చేర్చినారు. తొలి కానుపు. నేను తప్ప దానికి ఎవురూ ల్యారు."

"రా మరి, తీసుకో! బస్సు కదలతాండాది."

"ఎవురన్నా రానీప్పా. బోణీ అయినాక తీసుకుంటా."

"ఇది పోతే ఎట్ల పోతావు?"

"ఇంకోటి రాకపోతాదా. నా చేత్తో మొదలైతే దినమంతా నీకు బాగుండదు. పిల్లలు గలవానివి."

"అట్లని ఎవరు చెప్పినారు నీకు? మా నాయనా?"

"ఒకరు చెప్పాల్నా? మీ నాయన ఉన్నప్పట్నుంచీ నేనింతే. యా అంగడికి పోయినా ఇంతే."

ఆ నిమిషంలో నేనేం చేశానో దాచకుండా రాయాలి. ఫ్లాస్కు తీసి ఇవ్వాల్సింది పోయి, ఇంకెవరైనా వస్తారేమోనని నేనూ రోడ్డు వైపే చూశాను. స్టాండులో ఉన్న ఆటో ఆయన్ని కేకేశాను.

"అన్నా, బిరీన రా! ఒక అగ్గిపెట్టె కొనుక్కో."

"బీడీ తాగనోనికి అగ్గిపెట్టె యాలప్పా? దానికోసం వస్తే బిందె అంటగడతావు నువ్వు!"

అంతలో బస్సు కదిలిపోయింది. మా సీమలో కురవకుండా దాటిపోయే మబ్బును చూసినట్టు ఆమె దాన్ని చూసింది. అడుగు మాత్రం ముందుకు వేయలేదు.

ఒక వైపు కన్నకూతురి పురుడు, ఇంకో వైపు నా సబ్బుల అంగడి. ఆమె నా వైపు మొగ్గింది. నేను అడగలేదు. ఆమె ఎందుకు నిలబడుతుందో అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. ఇంత పెద్ద మనిషిని ఇన్నేళ్లుగా నేను ఎత్తులు వేసే కొనుగోలుదారు కింద లెక్కగట్టాను.

ఫ్లాస్కు తీసుకుని మెట్టు దిగాను. ఆమె వెనక్కి జరిగింది.

"వద్దప్పా."

"తీసుకోకుంటే ఈ పొద్దు షట్టర్ దించేస్తా."

"దించుకో. నాకేం బెదురా?"

"ఏమప్పా!" ఆటో ఆయన దగ్గరికొచ్చి నవ్వాడు. "కొనేటోళ్లను నువ్వు బతిమలాడేది ఇప్పుడే చూస్తాండా."

"అక్కా, ఆడ నీ కూతురు ఒక్కతే ఉండాది. నా దినం ఎట్లన్నా పోనీ. నువ్వే బోణీ చేయాల."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. కొనడానికి వచ్చినవాళ్లను నేను చూసే చూపే అది, మాటలో సరుకుందా లేదా అని. ఆ చూపు ముందు నిలబడటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. చివరికి కొంగుముడి విప్పి నోటు నా చేతిలో పెట్టి, ఫ్లాస్కును రొమ్ముకు హత్తుకుంది.

"ఎక్కమ్మా, రైలు గేటు కాడ బస్సును పట్టుకుందాం" అంటూ ఆటో ఆయన కిక్కు కొట్టాడు. బాడుగ మాట ఎత్తనే లేదు. నిజంగానే పట్టుకున్నారట.

నాలుగు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం వచ్చింది. అంగడి నిండా జనం. అయినా ఆమె రేకుల కిందే ఆగిపోయి, అక్కడి నుంచే చెప్పింది. "ఆడబిడ్డప్పా! నేను పోయిన కాసేపటికే పుట్టింది. నా చేయి పట్టుకొనే కనింది."

"రాక్కా లోపలికి!"

"ఉండప్పా, ముందు వాళ్లని చూసుకో."

ఇక పిలవలేదు. నేనే దిగిపోయి ఆమె పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి నా అంగడిని ఎన్నడూ చూడలేదు. దుమ్ము పట్టిన బిందెలు, వంకరపోయిన షట్టరు, మనిషి లేని గల్లాపెట్టె. ఇంతే. ఇది చల్లగా ఉండాలని ఈమె రేకుల వేడికి, గాలికి ఇక్కడ నిలబడింది.

"ఏంది, అంగడి ఇడిచిపెట్టి వచ్చినావు?" అంది కంగారుగా.

"బిడ్డ ఎవరి పోలిక?" అని అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మెట్టు మీద ఎవరో సబ్బు కోసం కేకలేస్తున్నారు. నేను కదల్లేదు.