మా అత్తగారు ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు

నెల రోజులుగా రాత్రిపూట నాకు అన్నం లేదు. ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు రెండు, గ్లాసుడు మజ్జిగ, అంతే. బరువు తగ్గకపోతే షుగరుకి ఇంజక్షన్లు తప్పవని డాక్టరుగారు చెప్పాక మొదలైన బతుకిది. మా నాన్నగారికి ఆ సూదులు రోజూ నేనే వేసేవాణ్ణి, అందుకే అంత భయం. పక్కన పిల్లలు చేపల పులుసు కలుపుకుంటుంటే నేను గోడవైపు తిరిగి గింజలు నమిలాను.

ఈ రోజు పొద్దున్న భీమవరంలో డాక్టరుగారి దగ్గర మిషనెక్కాను. రెండు కిలోలు పెరిగాను! చాటుగా ఏం తింటున్నారని ఆయన నిలదీశారు. ఒట్టేసినా నమ్మలేదు.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలోనే కూలబడి సంగతి చెప్పాను. ద్రాక్షారామం నుంచి వచ్చి ఈ నెలంతా మాకు వండిపెడుతున్న మా అత్తగారు కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు.

"అల్లుడి చేతిలో వట్టి పొత్తులు ఎలా పెడతానండీ? వేడిమీద కాస్త నెయ్యి పట్టించేదాన్ని."

"కాస్తంటే ఎంతండీ?"

"గరిటెడేనండి. ఒక్కో పొత్తుకీ."

అవి అంత నిగనిగలాడుతుంటే లేత పొత్తులు కాబోలని మురిసిపోయానండీ నేను! గట్టిగా అందామంటే ఆవిడ కళ్ళల్లో అప్పటికే నీళ్ళు. అప్పట్నుంచి నేనే ఆవిణ్ణి ఓదారుస్తున్నాను.

నేనంటే బొత్తిగా ఇష్టం లేనివాళ్ళు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. ఓ నెల మీ ఇంట్లో భోంచేస్తాను.