బీరు ఫ్యాక్టరీ గోడ, నా గొంతు

నా గొంతు ఓడిపోయిన ఏకైక రణరంగం టెక్కలి అవతల మూతపడిన బీరు ఫ్యాక్టరీ. ఎంత ఘోరంగా మట్టి కరిచానో చెబుతాను, నవ్వుకోండి. వాదించకండి, ఆ ఒక్కచోట తప్ప ఇప్పటికీ నాదే పైచేయి.

డిగ్రీ ఆఖరి సంవత్సరం, చరిత్ర ప్రాజెక్టుకు ఆ భవనాన్ని ఎంచుకున్నాను. గుళ్లూ కోటలూ అందరూ రాస్తారు కదా! నేను వెళ్లిన రోజే మధ్యాహ్నం లెక్చరరుగారు వచ్చి చూస్తారు. ఆయనకు నచ్చకపోతే మార్కులు లేవు, మార్కులు లేకపోతే డిగ్రీ లేదు. చూపించడానికి కాపలాదారు అప్పన్న తాత ఉన్నాడు, ఒకప్పుడు అక్కడే పనిచేసినవాడు.

నగిషీ అన్నది లేని కాంక్రీటు కట్టడం. బార్లీని పై అంతస్తుకు ఎక్కించేస్తే, అంతస్తుకో పని ముగించుకుని తన బరువుతో తానే కిందికి దిగేదట. ఉత్తరపు గోడ పొడవునా అద్దాలు. వెనక గది ఒక్కదానికే కిటికీ లేదు, జీడిపిక్కలా బిగుసుకుని ఉంది.

"ఈ గది కట్టినోడికి బుర్ర నేదు తాతా," అని తీర్పిచ్చాను.

"బీరు నిలవెట్టే సల్లగది తల్లీ. గోడల్నిండా జానెడు మందాన బెరడుసెక్క, సీసాల బిరడాలు సేత్తారే, అదే. సల్లదనం బయటికి పోదు, మాటా పోదు."

"మాట పోదా? నేను పలాసలో అరిత్తే బారువలో పడవలు ఎనక్కి తిరుగుతాయి!"

"పడవల సంగతి నాకు తెల్దు గానీ, ఆ తలుపెయ్యకు. లోపల్నించి రాదు."

"ఏటి బెదిరిత్తన్నావు? లోపలికెల్లి అరుత్తాను. నా గొంతు ఇనబడ్డాకే తియ్యి. ముందే ముట్టుకున్నావా, ఊరుకోను!"

షరతు పెట్టిందెవరు? ఈ మహామేధావే.

లోపలికెళ్లి తలుపు లాగేసుకుని అరిచాను. సంతలో చేపల బేరమాడినట్టు అరిచాను. తాతను తిట్టాను, బతిమాలాను, చివరికి ఆ గది కట్టినవాణ్ణి పొగిడాను కూడా. గోడలు మర్యాదగా అన్నీ దిగమింగాయి. అప్పుడు వెలిగింది నాకు: వినబడితేనే తీస్తాడు, వినబడనే వినబడదు!

పావుగంటకు తలుపు తెరుచుకుంది. ఎదురుగా లెక్చరరుగారు, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతూ. "అమ్మాయి ఏదీ?" అని ఆయన అడిగితే మన తాత చెప్పిన జవాబిది:

"లోపల అరుత్తన్నాది బాబూ. ఇనబడ్డాకే తియ్యమన్నాది. ఇంకా ఇనబడ్నేదు."

"గోడ పనితనాన్ని ప్రయోగం చేసి మరీ నిరూపించావమ్మా," అని లెక్చరరుగారు నిండుగా మార్కులేశారు. కాదనడానికి నాకు గొంతు మిగిలితేగా!

ఇప్పుడా గదిలో జీడిపప్పు డబ్బాలు చల్లగా కాపురముంటున్నాయి. మొన్న ఈ కథ విన్న మా ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి, "ఆ బెరడుసెక్క ఇప్పుడెక్కడ దొరుకుతాదే?" అని ఎంతో వినయంగా అడిగారు.

అందుచేత ఉద్దానం కొబ్బరిచెట్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా గొంతుకు నేనే షరతు పెట్టను, ఈ కథ మళ్లీ మా ఆయన ముందు ఎత్తను.