సగం చెంబు నీళ్లు

ఆయన పేరు తలచుకుంటే నాకు ముందు చెంబే గుర్తొస్తుంది. ఎవరింట్లో మంచినీళ్లిచ్చినా సగం తాగి, మిగతా సగం గడప ముందు పారబోసి, అవి ఎటు పారతాయో వంగి చూసేవాడు. గౌలిపురలో మా ఎదురింటి పాలవాళ్ల పెద్దకొడుకు. ఉర్దూలో ఇంజనీరు చదువు ముగించి, వాననీళ్లు పోయే మోరీలు కట్టించే సర్కారీ దఫ్తరులో పని నేర్చుకుంటున్నాడు. అప్పట్లో వారం సెలవు శుక్రవారమే; ఆ రోజు, ఎవరూ అడగకపోయినా మా గల్లీని తాడుతో కొలిచేవాడు.

"నీళ్లు ఎటు పోతున్నయి బిడ్డా?" అని అమ్మ అడిగింది ఒకనాడు.

"మీ పశువుల కొట్టం దిక్కే పెద్దమ్మా. వానలకు ముందే మోరీ తవ్వాలె."

మోరీ ఎటు తవ్వాలో నక్షా గీసి దఫ్తరులో ఇచ్చాడు. మేమే తవ్వుకుంటామంటే, అనుమతి రానిదే కుదరదని ఆయనే అడ్డుపడ్డాడు. "సర్కారీ బాట గద, ఇజాజత్ లేకుంట తవ్వొద్దు. ఇయ్యాలో రేపో మంజూరైతది, ఆగుండ్రి."

చదువుకున్నవాడి మాట కదా, ఆగాం. పని నేర్చుకునేవాడి సంతకం చెల్లదని పై అధికారి ఆ నక్షాను పక్కన పడేశాడట.

వాన నీళ్లు ఆయన చెప్పిన దారినే వచ్చాయి. నడుములోతు నీళ్లలో కొట్టంలోకి దిగి మా దూడను ఎత్తుకొచ్చాడు. అప్పటికే దానికి ఊపిరి లేదు. కింద పెట్టడానికి పొడి చోటు దొరక్క, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

తరువాతి శుక్రవారం వస్తే, అమ్మ ఎప్పటిలాగే చెంబుతో నీళ్లిచ్చింది. ఒక్క చుక్క కింద పడకుండా అన్నీ తాగి, ఖాళీ చెంబు ఆమె చేతికిచ్చాడు.