కొడుకు నిలబడ్డ చోట్లు

మా ఊరు వనపర్తి. బస్టాండుకు దగ్గర్లో నాకొక చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పుట్టినరోజులు, పెళ్లిళ్లు, వీటి మీదే నా బతుకు. కొన్నేళ్లుగా వీటికి ఇంకో పని తోడయింది. పెళ్లికి ముందే జంటను వెంటబెట్టుకుని తిప్పి ఫోటోలు తీయాలి. ప్రీవెడ్డింగ్ షూట్ అంటారు. మా పక్క దీనికి పొద్దున గద్వాల కోట, మధ్యాహ్నం మా ఊరి రాజమహలు, పొద్దు వాలేసరికి సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు. చూడటానికి వచ్చే బయటివాళ్లు ఆ కోటను ఎవరు కట్టించారు, ఎన్నేళ్లయింది అని అడుగుతారు. నాకు అవేవీ సరిగా రావు. కోట మట్టిగోడ మీద ఎండ ఏ వేళకు మెత్తగా పడుతుందో, మహలు మెట్ల మీదికి నీడ ఎప్పుడు వస్తుందో అడిగితే మాత్రం చెప్పగలను.

ఆ అబ్బాయి కొత్తకోటలో లారీ మెకానిక్కు. హైవే పక్కన రేకుల షెడ్డు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కూలి పనులు చేసి, కొన్నేళ్లు బొంబాయిలో, కొన్నేళ్లు హైదరాబాదులో బిల్డింగు పనులకు పోయి ఇటుకలు మోసి అతన్ని పెంచింది. అమ్మాయిది గద్వాల దగ్గర పల్లె. వాళ్లదీ రెక్కల కష్టం మీద బతికే కుటుంబమే. రెండిళ్ల వాళ్లూ చర్చికి పోయేవాళ్లు. క్రిస్మస్ దాటాక పెళ్లి అనుకున్నారు.

షూట్ రోజు అబ్బాయి కొత్త కోటు వేసుకుని వచ్చాడు. గద్వాల కోట వాకిలి కింద నిలబెట్టి చేతులు ముందుకు పెట్టమంటే వెనక్కి దాచుకున్నాడు.

"అన్నా, చేతులు కనవడకుండ తియ్యి. గోర్లళ్ల గ్రీజు ఎంత కడిగినా పోతలేదు" అన్నాడు.

అమ్మాయి నవ్వింది. "కనవడనియ్యన్నా. రేపు నేను పట్టుకునేది గా చేతులే గద!"

ఆ మాటకు అతను సిగ్గుపడి తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ క్షణంలో తీసిన ఫోటో ఆ రోజు మొత్తంలో బాగా వచ్చింది. ఆమె చెయ్యి అతని భుజం మీద ఉంది. వెనక పాత కమాను, దాని పైన మొలిచిన గడ్డి.

తర్వాత మూడు వారాలు కూడా గడవలేదు. హైవే మీద ఆగిపోయిన లారీని బాగుచేయడానికి పోయిన అతన్ని వెనక నుంచి వచ్చిన ఇంకో బండి గుద్దింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందని అతని స్నేహితులు ఫోన్ చేశారు. ఫ్లెక్సీ కోసం ఫోటో కావాలన్నారు. మంచి ఫోటో అతనిది నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. కోట కమాను కింద తీసిన ఫోటోలోనే అమ్మాయిని తప్పించి, అతని వరకు కోసి పంపాను. పెళ్లి ఆల్బం కోసం తీసింది సమాధి దగ్గర కట్టారు. నేను పోయి దూరంగా నిలబడి వచ్చాను. తల్లితో మాట్లాడే ధైర్యం లేకపోయింది.

పది పదిహేను రోజులకు అమ్మాయి అన్న స్టూడియోకు వచ్చాడు. చాలాసేపు కుర్చీలో కూర్చుని, గోడకున్న పెళ్లి ఫోటోలు చూస్తూ ఉన్నాడు.

"అన్నా, తప్పుగ అనుకోకు. మా చెల్లెవి ఫోటోలన్నీ తీసెయ్యాలె. ఇద్దరు గలిసి దిగినయి ఎవరికీ ఇయ్యొద్దు. పిల్లకు ఇంకో సంబంధం చూడాలె గద" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. వారం రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

"మీ చెల్లె ఏమంటుంది?" అని అడిగాను.

"అది ఏమంటదన్నా. గోడ దిక్కు మొఖం పెట్టి పండుకుంటది. తింటలేదు."

అతను అడిగినదాంట్లో తప్పు లేదు. సరే తీసేస్తానన్నాను. అతను పోయాక కంప్యూటరు ముందు కూర్చున్నాను గానీ చెయ్యి రాలేదు. రేపు చేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు వాయిదా పడుతూనే ఉంది. ఈలోపు తల్లి వచ్చింది.

ఆమె లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడింది. బక్కపలచని మనిషి. తెల్ల చీర. నేను లేచి కుర్చీ వేస్తే దాని అంచున కూర్చుంది. ఫోటోల కోసమే వచ్చి ఉంటుందనుకున్నాను. ఆమె అడిగింది అది కాదు.

"బిడ్డా, నువ్వు మావాన్ని యాడయాడ తిప్పినవో నాకు జర చూపిస్తవా?"

 ఆమే మళ్లీ అంది.

"ఆ దినం వాడు ఇంటికొచ్చి అంత చెప్పవట్టిండు. కోటంట, మహలంట, ఏరంట. నేను పత్తి ఏరి వచ్చిన. నడుము పడిపోయి ఉన్న. వాడు చెప్తుంటె నాకు కన్నంటుకుంది. సగమే విన్న. రేపు చెప్పుతువులే పండు బిడ్డా అన్న. పొద్దున వాడు షెడ్డుకు వాయె, నేను చేనుకు పోతి. మల్ల అడుగుదమని మర్షిన."

ఆదివారం తీసుకుపోతానని చెప్పాను. ఆమె చర్చి మానుకుని వచ్చింది. కొత్తకోట చౌరస్తాలో నా పాత కారు ఎక్కింది. ఒళ్లో టిఫిన్ గిన్నె. దారిలో హైవే మీద అతను పోయిన చోటు వస్తుందేమోనని నాకు భయం వేసింది. ఆమె కిటికీ దిక్కు చూడలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటాక "నీళ్లున్నయి" అని మాత్రం అంది.

గద్వాల కోటలోకి పోయేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆమె కోట గోడలను తలెత్తి చూడలేదు. "యాడ నిలవడ్డడు?" అని అడిగింది. కమాను కింద చోటు చూపించాను. పోయి నిలబడింది. అటు తిరిగి ఉన్నాడా, ఇటు తిరిగి ఉన్నాడా అని అడిగి, నేను చెప్పినట్టు తిరిగింది. చేతులు దాచుకున్న సంగతి చెప్పాను. అమ్మాయి అన్న మాట కూడా చెప్పాను.

ఆమె నేల చూస్తూ "మంచి పిల్ల" అంది.

ఆ రోజు అక్కడ ఇంకో జంట షూట్ జరుగుతోంది. పిల్ల ఎర్ర గౌను వేసుకుంది, దాని అంచు పది మీటర్లు వెనక పారాడుతోంది. ఆ ఫోటోగ్రాఫరు నాకు ముఖం తెలిసినవాడే. కెమెరా కంటి దగ్గరి నుంచి తీయకుండా కేక వేశాడు.

"పెద్దమ్మా, జర పక్కకు జరుగు. ఫ్రేములకొస్తున్నవ్!"

ఆమె ఉలిక్కిపడి, "అయ్యో, చూడలే బిడ్డా" అని కొంగు సర్దుకుంటూ గోడ వారకు వచ్చేసింది. నేను అతని మీదికి పోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమనకు. వాళ్లకు ఏం తెలుసు. మంచి దినాన్ల ఏడ్పు మొకంతోని నేనే అడ్డమొచ్చిన."

లోపల చెన్నకేశవస్వామి గుడి గోపురాన్ని దూరం నుంచే చూసి, ఇక పోదామంది.

వనపర్తి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా రాజమహలులో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఆదివారం గేటు వేసి ఉంది. మామూలుగా నేను పోతే వాచ్‌మన్ తెరుస్తాడు. ఆ రోజు కొత్త మనిషి ఉన్నాడు.

"షూటింగులు బందయినయి సార్. లోపలికి ఎవర్నీ రానియ్యొద్దని చెప్పిండ్రు."

"షూటింగ్ కాదు. ఈ అమ్మ ఒక్కసారి చూసి వస్తది, అంతే" అన్నాను.

"నా నౌకరి పోతది సార్."

ఎందుకొచ్చామో చెబితే వదిలేవాడేమో. ఆమె ముందు ఆ మాట గట్టిగా చెప్పలేకపోయాను. ఆమే అతన్ని కాపాడుతున్నట్టు "పోనీ బిడ్డా, గీడికెల్లి కనవడ్తలేదా ఏంది" అంది. గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. ఎదురుగా పెద్ద స్తంభాలు, కమాన్లు, మూసిన తలుపులు.

"ఇంత పెద్ద ఇల్లు ఎవరికోసం కట్టుకున్నరో" అంది కాసేపటికి. "నేను బొంబాయిల దీనికన్న పెద్ద బిల్డింగులకు ఇటుకలు మోసిన. వీన్ని ఇసుక కుప్ప మీద పండవెట్టి పని చేస్తుంటి. అయినంక లోపలికి పోయి చూసింది లేదు. వీడు చూసిండు. మెట్లెక్కిండా?"

"ఎక్కిండమ్మా. కొత్త బూట్లు జారి, పడబోయి నన్ను పట్టుకున్నడు. ముగ్గురం నవ్వినం."

ఆమె గేటులోంచి ఆ మెట్లను వెతుక్కుంది. అవి పక్కకు ఉంటాయి, అక్కడి నుంచి కనిపించవు. ఆ సంగతి నేను చెప్పలేదు.

నాగర్‌కర్నూలు జిల్లాలోకి దిగి, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరేసరికి పొద్దు వాలుతోంది. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు ఏటి ఒడ్డునున్న పాత గుళ్లు మునిగిపోతాయని రాయి రాయి విప్పి మెట్ట మీద మళ్లీ కట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లు గుళ్లు చూసి, ఒడ్డుకు దిగి పడవ ఎక్కుతారు. మేం ఒడ్డునే ఒక రాతి మీద కూర్చున్నాం. నీళ్లు కదలకుండా బూడిద రంగులో ఉన్నాయి. చేపలు వేయించే బండ్ల దగ్గర నుంచి పొగ వస్తోంది.

"ఇంటికొచ్చి ఏరు దాంక చెప్పిండు. గీడనే నేను నిద్రపోయిన" అంది ఆమె. నా వైపు తిరిగి కూర్చుంది. "గీడ ఏమాయె? ఏమన్నడు?"

నేను ఆ సాయంత్రాన్ని తలుచుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. ఆమెకు ఇవ్వదగ్గ మాట ఒక్కటైనా దొరకాలని చూశాను. ఆ రోజు మబ్బు పట్టి వెలుతురు పోయింది. ఫోటోలు సరిగా రాలేదు. అందరం అలసిపోయాం. కల్పించి చెప్పొచ్చు. ఏరు చూసి నిన్నే తలుచుకున్నాడమ్మా అనొచ్చు. ఆమె కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. అబద్ధం ఆడలేకపోయాను.

"ఏమనలేదమ్మా. ఆకలైతుందన్నడు. ఆ బండి దగ్గర చేపలు తిన్నం. తినంగనే బయలెల్లినం."

 ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"వాడంతే. చిన్నప్పటిసంది ఆకలికి ఆగడు" అంది. ఆ తర్వాత ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు లేకుండా, చాలాసేపు. నేను పక్కన కూర్చుని ఏటి వైపు చూస్తూ ఉన్నాను. 

తెరిపిన పడ్డాక టిఫిన్ గిన్నె మూత తీసింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు. నాకు సగం పెట్టింది. తింటున్నప్పుడు, అమ్మాయి అన్న వచ్చి అడిగిన సంగతి చెప్పాను. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటోలు ఇంకా నా దగ్గరే ఉన్నాయనీ, ఏం చేయాలో తోచడం లేదనీ చెప్పాను. నా సంచిలో అతను ఒక్కడే ఉన్న ఫోటోలు కొన్ని ప్రింటు వేయించి తెచ్చాను. అవి ఇచ్చాను. ఆమె చెయ్యి తుడుచుకుని ఒక్కొక్కటే చూసింది. కమాను కింది ఫోటో దగ్గర ఆగింది. ఎంత జాగ్రత్తగా కోసినా అమ్మాయి వేళ్లు భుజం మీద మిగిలిపోయాయి.

"ఇవి ఆ పిల్లవేనా?"

"అవునమ్మా. కంప్యూటరుల తుడిపేసి వేరే ఇస్త."

ఆమె ఆ వేళ్లను బొటనవేలితో మెల్లగా తడిమింది.

"దీన్ని నాకియ్యి. వేళ్లు జూసి ఎవరు గుర్తువడ్తరు. మిగిలినయన్నీ వాళ్లు చెప్పినట్లే తీసెయ్ బిడ్డా. నా కొడుకు ఎట్లా రాడు. ఆ పిల్ల బతుకు ఆగొద్దు."

మర్నాడు స్టూడియో తెరవగానే ఆ పని చేశాను. అమ్మాయి అన్నకు ఫోన్ చేసి చెప్పాను. అతను "సరే అన్నా" అని పెట్టేశాడు.

వేసవి మొదట్లో ఒకరోజు కొత్తకోటలో దిగితే, హైదరాబాదు బస్సుల దగ్గర ఆమె కనిపించింది. పనికి పోయే గుంపులో ఉంది. పక్కన మూటలు, పారలు, బియ్యం సంచి. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"మల్ల బిల్డింగు పనికేనా అమ్మా? ఈ వయసుల మోయగలుగుతవా?"

"ఇంట్ల ఒక్కదాన్ని ఉండలేకుంటున్న. పనైతె పది మంది ఉంటరు." ఆమే అడిగింది. "ఆ పిల్లకు సంబంధం కుదిరిందంట గద?"

"కుదిరిందని విన్ననమ్మా. రాయచూరు దిక్కు."

"మంచిగయింది" అంది.

బస్సు వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఎగబడ్డారు. ఆమె మూట నేను లోపలికి అందించాను. సీటు దొరకలేదు. పైన కడ్డీ పట్టుకుని జనం మధ్య నిలబడింది. అద్దం మీద దుమ్ము పట్టి ఉండటంతో ఆమె ముఖం నాకు సరిగా కనిపించలేదు.

నేను ఇప్పటికీ జంటలను గద్వాల కోటకు తీసుకుపోతున్నాను. నాకు వేరే పని రాదు.