చమురు వాసన చేపలు

మొన్న భావనపాడు తీరంలో ఒక హెలికాప్టర్ సముద్రం మీద కదలకుండా నిలబడి, తాడుకి కట్టిన గుండులాంటిదాన్ని నీళ్ళలోకి దించింది. అచ్చం గాలమేసినట్టే ఉంది. అది నీటడుగున జలాంతర్గామి చప్పుడు వింటుందని నేవీలో పనిచేసే మా అబ్బాయి చెప్పాడు. నాకు యుద్ధకాలంలో ఒక ఉదయం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. పక్షులు గుమిగూడి తిరిగేచోట చేపలుంటాయని మావాళ్ళు తెప్పలు అటే తోసేవారు. ఆ రోజు ఒక విమానం సముద్రం మీద ఒకేచోట గిరగిరా తిరుగుతోంది.

"అంత పెద్ద పిట్టొచ్చిందంటే కింద ఎన్ని సేపలున్నాయో సూడు!" అంటూ అయ్య తెప్ప దించాడు.

అయ్య సగం దూరం పోకముందే విమానం ఏదో వదిలింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. విమానం వెళ్ళిపోయాక అయ్య బుట్టనిండా చచ్చిన చేపలు ఏరుకొచ్చాడు.

"మరి పిట్ట తినకుండా ఎలిపోనాదేటయ్యా?" అని అడిగాను. అయ్య బుర్ర గోక్కున్నాడు.

చింతపండుతో ఎంత తోమినా చేపల వాసన పోలేదు. "ఒసే, సముద్రంలో కిరసనాయిలు ఎవులు పోసేసినారే?" అంది అమ్మ. దీపానికే దొరకని కిరసనాయిలు సముద్రానికెందుకో నాకు అంతుపట్టలేదు.

మొన్న అబ్బాయిని అడిగాను. "నీటడుగునున్న జలాంతర్గామికి దెబ్బ తగిల్తే ఏటవుతాది?"

"ముందు చమురు పైకి తేల్తాదమ్మా."

"మరి లోపలోళ్ళు?"



ఏడేళ్ళప్పటి ఆ పూట నేను ఆ చేపల కూర రెండోసారి అడిగి వేయించుకున్నాను.