పొంగని వైన్

మా బాపు నాలుకంటే పాతబస్తీలో సగం మంది పాలవాళ్లకు హడల్. లాల్‌దర్వాజ దగ్గర గల్లీలో మాది చిన్న పాల దుకాణం. బర్రెలున్నవాళ్లు పొద్దున్నే క్యాన్లు తెచ్చి దింపితే, ఆ పాలు కొని అమ్మడం మా తాత నాటి నుంచీ మా దందా. క్యాన్ మూత తీయగానే బాపు ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకునేవాడు. వేలు వంచితే చుక్క జారిన దారిలో తెల్లటి చార మిగలాలి. ఆ తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి తీర్పు చెప్పేవాడు. "పావు చెంబు నీళ్లు వడ్డయ్ భాయ్. బోరు నీళ్లు." బోరు నీళ్లో నల్లా నీళ్లో కూడా చెప్పేసే మనిషితో ఎవరు వాదిస్తారు?

నేనూ ఒకసారి దొరికిపోయాను. ఎనిమిదేళ్లప్పుడు ఆయన గ్లాసులో పాలు సగం తాగేసి, మిగతా సగం నల్లా నీళ్లతో నింపి, ఏమీ ఎరగని మొహం పెట్టుకుని తెచ్చి ఇచ్చాను. బాపు ఒక్క గుక్క తాగి నా వంక చూశాడు.

"ఎవలు కలిపిన్రు నీళ్లు?"

"పిల్లి, బాపు."

"పిల్లి పాలు తాగుతది. నల్లా తిప్పి నీళ్లు గూడ పోస్తదా?" అని ఇల్లు ఎగిరిపోయేలా నవ్వాడు. నెల రోజుల పాటు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆ పిల్లి కథ చెప్పి నా పరువు తీశాడు.

అలాంటి మనిషికి మొన్నటి చలికాలంలో జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది గానీ, పోతూ పోతూ రుచినీ వాసననూ వెంట తీసుకుపోయింది. డాక్టరు, వస్తుంది, ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడట. బాపు ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఒకరోజు అమ్మ పప్పులో ఉప్పు వేయడం మరిచిపోతే కిక్కురుమనకుండా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. చిటికెడు ఉప్పు తగ్గితే కంచం ముందు లొల్లి పెట్టే మనిషి! అప్పుడు నేనూ అమ్మా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

పొద్దున దుకాణంలో నాటకం మాత్రం ఆపలేదాయన. గోరు మీద చుక్క, కళ్లు మూసుకోవడం, అంతా మామూలే. ప్రతి క్యాన్‌కూ ఒకటే తీర్పు, "మంచిగున్నయ్". పాలు తెచ్చేవాళ్లు అమాయకులా? రెండు వారాల్లో పసిగట్టేశారు. గోరు మీద చార సన్నబడుతూ వచ్చింది. ఇదివరకు చార ఏమాత్రం పల్చబడినా క్యాన్ వాపసు పంపేవాడు, ఇప్పుడు తన మీద తనకే నమ్మకం లేక నోరెత్తేవాడు కాదు. ఇరవై ఏళ్లుగా మా దగ్గరే పాలు కొంటున్న చాయ్ హోటల్ ఆయన ఒకరోజు వచ్చి గల్లా దగ్గర నిలబడ్డాడు. "క్యా భాయ్, చాయ్‌మే దూద్ డాల్రా హూఁ యా పానీ డాల్రా హూఁ, సమజ్‌మే నై ఆరా!" అన్నాడు. చాయ్‌లో పోస్తున్నవి పాలో నీళ్లో తెలియట్లేదని సరదాగానే అన్నాడు గానీ బాపు మొహం నల్లబడిపోయింది.

నేను అఫ్జల్‌గంజ్ వెళ్లి లాక్టోమీటర్ కొనుక్కొచ్చాను. పాలలో ముంచితే నీళ్లున్నాయో లేవో చెప్పే గాజు పుల్ల అది. బాపు దాన్ని చేత్తో కూడా ముట్టలేదు.

"నాకు గా గాజు పుల్ల చెప్పాల్నా? ఈ నెల పోనియ్యి బిడ్డా. షట్టర్ దించేస్త. నాలుక లేనోనికి పాల దందా ఎందుకు?"

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని కోపం నటించి లోపలికి వెళ్లిపోయాను. షట్టర్ దించేస్తే ఈయన పొద్దున లేచి ఏం చేస్తాడు?

ఆ నెల చివరి వారంలోనే ఇటలీ సీసా మా ఇంటికొచ్చింది. నేను మలక్‌పేటలో ఒక యంత్రాల కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. ఒక యంత్రం బిగించడానికి ఇటలీ నుంచి ఇంజినీరు వచ్చాడు. మూడో రోజే ఎవరో మిరపకాయ బజ్జీ పెడితే పాపం కళ్లమ్మటా ముక్కమ్మటా నీళ్లు పెట్టుకున్నాడు. నా డబ్బాలోని పెరుగన్నం పెట్టి బతికించాను. ఆ విశ్వాసంతో వెళ్లేముందు నాకో బరువైన నల్లటి సీసా ఇచ్చాడు. వాళ్ల ఊరి వైనట. ద్రాక్ష కోసి వెంటనే పిండరట. చలికాలమంతా గాలి తగిలే అటకల మీద పరిచి, కిస్మిస్‌కి దగ్గరయ్యేదాకా ఎండబెట్టి, అప్పుడు పిండుతారట. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్లకేళ్లు దాస్తారట.

ఇదంతా ఇంట్లో చెబితే బాపు చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

"అంటే ముందుగాల నీళ్లు తీసేసి, అటెన్క చేస్తరన్నట్టు?"

"అవును బాపు."

"గట్లనా! పుట్టినకాంచి నీళ్లు కలిపేటోళ్లనే చూసిన. తీసేటోళ్లు గూడ ఉన్నరా లోకంల?"

మూడు నెలల్లో ఆయన కళ్లలో ఆ మెరుపు చూడటం అదే మొదటిసారి. నాలుక పనిచేయకపోయినా ఆ సీసా తాగాల్సిందేనన్నాడు. మా ఇంట్లో కల్లు ఎవరికీ కొత్త కాదు కాబట్టి అమ్మ కూడా అడ్డు చెప్పలేదు. ఆదివారం సాయంత్రం ముహూర్తం పెట్టుకున్నాం.

మేడ మీద అద్దెకుండే సార్‌ని పిలవక తప్పలేదు. ఆయనది కృష్ణా జిల్లా, గవర్నమెంటులో పనిచేసి రిటైరయ్యారు. ఎప్పుడో ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఫ్రాన్సు వెళ్లొచ్చారు. ఆ నాలుగు రోజుల గురించి పదేళ్లుగా మాకు చెబుతూనే ఉన్నారు. "సీసా తీసి గటగటా తాగేస్తారేంటండీ!" అని ముందే కంగారుపడ్డారు. "మూడు గంటల ముందు వెడల్పాటి పాత్రలో పోసి ఉంచండి. దానికి గాలి తగలాలి. అది ఊపిరి పీల్చుకోవాలమ్మాయ్."

"ఊపిరి పీల్చనీకె అదేమన్న దూడనా సార్?" అన్నాడు బాపు.

ఆదివారం మధ్యాహ్నం బిరడాలోకి ఒక స్క్రూ తిప్పి, పట్టకారుతో లాగి సీసా తెరిచాం. అంతా వెడల్పాటి స్టీలు గిన్నెలో పోశాను. బాపు కునుకు తీయడానికి వెళ్లగానే ఒక చెంచా నోట్లో వేసుకున్నాను, ఊరికే ఉండలేక. అబ్బ! ముందు కిస్మిస్, వెంటనే ఎండిన రేగుపండు, చివర్న చక్కెర లేని కాఫీలాంటి చేదు. గొంతులో నెమ్మదిగా దిగి, ఛాతీలో చాలాసేపు వెచ్చగా కూర్చుంది. రెండో చెంచా కూడా వేసుకున్నాను. మూడోది వేసుకోలేదని ప్రమాణం చేయలేను. తర్వాత బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్లి ఫోనులో మాటల్లో పడిపోయాను.

గుడిమల్కాపూర్‌లో పూలు కొనడానికి వెళ్లిన అమ్మ ఆ మధ్యలో తిరిగొచ్చింది. పాల దందా చేసే ఇంట్లో ఒక చట్టం ఉంటుంది. గిన్నెలో ఏది తెరిచి ఉన్నా సాయంత్రంలోపు కాచి తీరాలి. నేను కిందికి దిగుతుంటే మెట్ల మీదే వేడి వేడి తీపి వాసన కొట్టింది. పరుగెత్తాను. వంటింట్లో అమ్మ గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది.

"ఏం ద్రాక్షరసమే ఇది! అర్ధగంట సంది చూస్తున్న, పొంగుతనే లేదు!"

"అమ్మా! అది వైన్!"

"అయితేంది? తెరిచి పెడితె పలిగిపోదా? రెండు ఏలక్కాయలు గూడ దంచి ఏసిన."

నేను పెట్టిన కేకకు ముందు గదిలోంచి బాపు లేచొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఏంది లొల్లి? ఏం వాసన గిది?" అన్నాడు.

"ఏం లేదు బాపు, నువ్వు పోయి కూసో!" అని బయటికి తోసేశాను. నా ధ్యాసంతా గిన్నె మీదే ఉంది. అందులో సగమే మిగిలింది, అడుగున కాస్త అంటుకుంది కూడా.

"చెప్పేద్దామానే?" అంది అమ్మ.

"సప్పుడు జెయ్యకు" అన్నాను. అప్పటికే నాలో దయ్యం లేచింది. ఫ్రాన్సులో నాలుగు రోజులున్న నాలుక దీన్ని పడుతుందో లేదో చూడాల్సిందే. చాయ్ జాలిలో వడగట్టి, చన్నీళ్ల టబ్బులో పెట్టి చల్లార్చి, గరాటుతో మళ్లీ సీసాలో పోశాను. సీసా సగానికే వచ్చింది. అమ్మ అటు తిరిగి పూలు కట్టుకుంటోంది. ఫిల్టర్ దగ్గర గ్లాసు నింపి, ఎవరూ చూడకుండా సీసాలో వంచేశాను. చిన్నప్పటి చెయ్యి, పని మరిచిపోలేదు.

ఆరింటికి మేడ మీది సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొడవాటి కాడ ఉన్న తన సొంత వైన్ గ్లాసు పట్టుకుని దిగారు. గ్లాసు గిరగిర తిప్పారు. ముక్కు లోపలికి దూర్చారు.

"ఆహా! ఎండు చెర్రీ… పాత తోలు… కాస్త పొగాకు…"

"తోలా? చెప్పుల తోలా?" అంది అమ్మ.

"అలా కాదమ్మా, అదొక గుణం. వెనకాల ఇంకేదో సుగంధం ఉంది చూశారూ, అచ్చం ఏలక్కాయే! పీపా చెక్కలోంచి దిగుతుందది. పదేళ్లు పాతబడితే గానీ రాదు." ఒక గుక్క తాగి కణతలు నొక్కుకున్నారు. "ఘాటు సరుకండీ. అప్పుడే ఎక్కుతోంది."

అర్ధగంట ఉడికి ఘాటంతా ఆవిరైపోయిన సరుకది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కున్నాను.

బాపు ఇదేమీ పట్టించుకోలేదు. కల్లు తాగే ముందు చేసినట్టే వేలు ముంచి, పోయిన పెద్దల పేరు మీద నాలుగు చుక్కలు నేల మీద చిలకరించాడు. తర్వాత అలవాటు కొద్దీ ఒక చుక్క గోరు మీద వేసుకుని వేలు వంచాడు. జారిన దారి వంక చాలాసేపు చూశాడు. గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ ఆ "మంచిగున్నయ్" వినలేక నేను తల తిప్పుకున్నాను.

"ఎవలు కలిపిన్రు నీళ్లు?"

నేను గిరుక్కున ఇటు తిరిగాను.

"నీళ్లేంటండీ! ఇటలీవాళ్లు అలాంటి పని…" అంటున్నారు సార్.

బాపు కళ్లు తెరవలేదు. "కాచిన్రు. మస్తు సేపు కాచిన్రు, అడుగంటింది. ఏలక్కాయ వడ్డది. కాచినంక పోసిన్రు నీళ్లు. ఫిల్టర్ నీళ్లు."

అమ్మ ఒడిలోని పూలదండ జారి కింద పడింది. గుమ్మంలో నిలబడి ఆయన ఏమని అడిగాడో నాకు అప్పుడు గుర్తొచ్చింది. వాసన గురించి అడిగిన మనిషిని చేతులారా బయటికి తోశాను!

"పిల్లి, బాపు," అన్నాను.

బాపు కళ్లు తెరిచి నన్ను చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్లి, పొద్దుటి పాలు ఒక గ్లాసులో వంచుకుని తాగాడు. నవ్వు ఆగిపోయింది.

"థూ! సగం నీళ్లే! మూడు నెలల సంది గివ్వేనా నేను అమ్మింది?"

గ్లాసు అలాగే పట్టుకుని పీట మీద కూలబడి ఏడ్చాడు. అమ్మ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. తను కాచబట్టే ఆయన ముక్కు తెరుచుకుందని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. మేడ మీది సార్ మాత్రం ఆ వైన్ అస్సలు కాచింది కాదని ఈరోజుకీ వాదిస్తారు.

మర్నాడు తెల్లారకముందే షట్టర్ చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. వెళ్లి చూస్తే బాపు దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. మొదటి పాలాయన బండి ఆపి, క్యాన్ దించి మూత తీశాడు. బాపు వంగి ఒక్కసారి వాసన చూశాడు. గోరు మీద చుక్క వేసుకోలేదు, ఊరికే తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. పాలాయన మూత బిగించి, క్యాన్ ఎత్తి మళ్లీ బండి మీద పెట్టుకున్నాడు.